బొగదలో ఇంకొకరి లైటు

దిగువమెట్ట దాటిందంటే సెల్‌ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగనోము పడతాయి. గిద్దలూరులో నాలుగు గీతలున్న సిగ్నలు అడవి మొదలయ్యేసరికి రెండవుతుంది, ఒకటవుతుంది, చివరికి సున్నా చుట్టి చేతిలో పెడుతుంది. అక్కణ్నుంచి గాజులపల్లె వచ్చేదాకా నల్లమలలో చెట్టుకు చెట్టే తోడు. నంద్యాల పోయే పొద్దుటి పాసింజరులో, ఇంజనుకు మూడో పెట్టెలో మాత్రం, మనుషులందరికీ తోడు నాగేశ్వర్లు శెట్టి.

శెట్టికి గిద్దలూరు స్టేషన్ రోడ్డులో ఫ్యాన్సీ దుకాణం ఉంది. గాజులు, పిన్నీసులు, టార్చిలైట్లు, ప్లాస్టిక్ డబ్బాలు, ఇంకా ఏవి పడితే అవి. సరుకు కోసం సోమ, బుధ, శనివారాలు నంద్యాల పోతాడు. యాభై మూడేళ్ల మనిషి. ఇంట్లో ఆయన నోరు తెరిస్తే భార్య రాజ్యలక్ష్మి టీవీ శబ్దం పెంచుతుంది. దుకాణంలో నోరు తెరిస్తే గిరాకీ బేరం పెంచుతుంది. ఆయన నోరు తెరిస్తే జనం కూడా నోరు తెరుచుకుని వినే చోటు ఈ భూమ్మీద ఆ మూడో పెట్టె ఒక్కటే.

సిగ్నలు పోగానే ఆయన సంచిలోంచి డిటెక్టివ్ నవల తీస్తాడు. నంద్యాలలో పాత పుస్తకాల బండి మీద తూకం లెక్కన తెచ్చిన సరుకు. ఇప్పుడు నడుస్తున్నదానికి అట్ట లేదు. అట్ట లేదు కాబట్టి పేరు లేదు, రాసినాయన పేరూ లేదు, మొదటి ఆరు పేజీలూ లేవు. అందుచేత హత్య జరిగిపోయాకే కథ మొదలవుతుంది. "మంచిదే, సచ్చినాయనతో మనకు పరిచయం లేదు, ఏడ్సాల్సిన పనిలేదు" అని శెట్టి మొదటిరోజే అందరినీ ఓదార్చాడు.

వినేవాళ్లు ఇరవైమంది ఉంటారు. ఊఁ కొట్టేది మాత్రం ఒక్కరే, శ్రీశైలమ్మ. దిగువమెట్టలో బుట్టతో ఎక్కుతుంది. ఒక కాలంలో చింతపండు, ఒక కాలంలో పెరుగు, ఇప్పుడు సీతాఫలాలు. ఇంటి దగ్గర మేకలు, కొడుకులు, కోడళ్లు అందరూ ఆమె మాట వింటారు. ఆమె వినేది శెట్టి మాట. చదువు రాదు గానీ ఆమె ఊఁ లో చాలా చదువుంది. అనుమానం వస్తే సాగదీసిన ఊఁ, భయం వేస్తే మింగేసిన ఊఁ, 'ఆ తర్వాత?' అని వెనకనుంచి తోసే ఊఁ. సరైన చోట సరైన ఊఁ పడిందంటే శెట్టికి నంద్యాలలో టిఫిను అక్కర్లేదు.

ఇక ఆయన అసలు ప్రతాపం బొగదలో. చలమ స్టేషను దాటాక కొండ కడుపులోంచి పోయే పొడుగు బొగద వస్తుంది. పగటిపూట కాబట్టి పెట్టెలో లైట్లు వెయ్యరు. మూడు నిమిషాలు కాటుక చీకటి. మామూలుగా చదివేవాడైతే అక్కడ ఆగిపోతాడు. శెట్టి మాత్రం వేలు పెట్టి పుస్తకం మూసి, చీకట్లోకి గొంతు వదులుతాడు. "బొగదలో ఎవడన్నా సెల్లు వెలిగించినాడో, కథ నిలిపేస్తా" అని ఆయన శాసనం. ఏడేళ్లలో ఒక్కరూ మీరలేదు.

ఎందుకా శాసనం అంటే, ఆ మూడు నిమిషాల్లో ఆయన చెప్పేది పుస్తకంలో లేదు. అది ఆయన ఒక్కడికే తెలిసిన గుట్టు. చీకట్లో జమీందారును తేళ్లతో కుట్టించేవాడు. వంటమనిషికి కవలలను పుట్టించేవాడు. ఇన్‌స్పెక్టరును బావిలో దించి తాడు కోసేవాడు. అవతలి కొస వెలుతురు కనబడగానే 'దగ్గరికి పోయి చూస్తే అది తాడు కాదు' అని ఏదో ముడి వేసి పుస్తకం తెరిచేవాడు. తెరిచేది మూసిన చోట కాదు. వ్యాపారస్తుడి న్యాయం ఆయనది. మూడు నిమిషాల కథ తను చెప్పాడు కదా, మూడు నిమిషాల పుస్తకం ముందుకు జరగాలి! అందుకని రెండు ఆకులు తిప్పి ఆ తర్వాతిది అందుకునేవాడు. తూకం సరిపోయేది. ఆ రెండు ఆకుల్లో ఏముందో ఆయనకూ తెలియదు.

ఈ తూకంలో రాయి వేసినవాడు చంద్రశేఖరరావు.

ఆయనది ముండ్లమూరు వైపు. నంద్యాలలో విత్తనాల కంపెనీలో కొత్తగా చేరి, గిద్దలూరులో గది తీసుకున్నాడు. నలభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. పది రోజులుగా అదే పెట్టెలో వస్తున్నాడు. నవ్వాల్సిన చోట నవ్వుతాడు, భయపడాల్సిన చోట కాళ్లు పైకి ముడుచుకుంటాడు. శెట్టికి ఆయన మీద ఏ పేచీ లేదు, ఆ సోమవారం దాకా.

ఆ సోమవారం కథలో వంటమనిషి అలమర తలుపు మీద చెయ్యి వేసిన చోట బొగద వచ్చింది. శెట్టి లోపల్లోపల చేతులు రుద్దుకున్నాడు. ఆ అలమరలో ఆయన నిన్న రాత్రే ఒక తెగిన చెయ్యి పెట్టి ఉంచాడు. అయిదు వేళ్లకూ ఆరు ఉంగరాలు. పుస్తకం మూయబోయాడు.

టిక్కుమంది.

పుస్తకం అంచున మిడతంత వస్తువు వాలింది. సన్నని మెడ. ఆ మెడ ముందుకు వంగి, పేజీ మీద పసుపచ్చని వెలుగు ఒంపింది. ఒక్క అక్షరం కూడా దాక్కోవడానికి వీల్లేదు.

"చదవండి శెట్టిగారూ, ఆపకండి" అన్నాడు పక్కనుంచి చంద్రశేఖరరావు. "చీకట్లో అంతా గుర్తుపెట్టుకుని చెప్పడం ఎంత కష్టమండీ మీకు! రోజూ చూస్తున్నాను, నాకే ప్రాణం ఉసూరుమంటోంది. అందుకే ఈ క్లిప్పు లైటు కొన్నాను. పుస్తకానికి తగిలిస్తే చాలండి, చేతులకు పనుండదు."

చేతులకు పనుండదు నిజమే, నోటికీ పనుండదు. సెల్లు వెలిగించకూడదని శాసనం ఉంది గానీ, లైటు తగిలించకూడదని లేదు. ఇరవైమంది ఆ వెలుగులో శెట్టి మొహంలోకే చూస్తున్నారు. ఆయన గత్యంతరం లేక పేజీలోకి చూశాడు.

"వంటమనిషి అలమర తెరిచింది. అందులో కందిపప్పు డబ్బా ఉన్నది. ఆమె పప్పు చేటలో పోసుకుని రాళ్లు ఏరసాగింది."

తెగిన చేతి స్థానంలో కందిపప్పు! శెట్టి గొంతు పప్పులో ఉప్పు మర్చిపోయినట్టయింది. ఒక రాయి ఏరాడు. రెండో రాయి ఏరాడు.

"ఏంది శెట్టీ, ఇయ్యాల అంత సప్పగా చదువుతుండావు?" అంది శ్రీశైలమ్మ.

"గొంతు పట్టేసింది" అని దగ్గాడు శెట్టి.

"అయ్యో, ఇలా ఇవ్వండి, బొగద దాటేదాకా నేను చదువుతాను" అని చంద్రశేఖరరావు పుస్తకం అందుకున్నాడు. లైటుతో సహా పుస్తకం చేతులు మారింది. ఆయన నింపాదిగా చదివాడు. మూడో రాయి ఏరాడు. నాలుగో రాయి దగ్గర ఆగాడు. "అది రాయి కాదు. చచ్చిపోయిన పెద్దాయన ఉంగరంలోంచి ఊడిన కెంపు."

"ఊఁ!" అంది శ్రీశైలమ్మ.

శెట్టి ఏడేళ్లుగా వినని ఊఁ అది. బొడ్డు దగ్గర పుట్టి, బుట్టలో సీతాఫలాలను కూడా కదిలించిన ఊఁ. ఇన్నాళ్లూ ఆమె ఇలాంటిది ఎక్కడ దాచింది? తనకెందుకు తియ్యలేదు? అది ఆరు వోల్టుల లైటో తొమ్మిది వోల్టుల లైటో శెట్టికి తెలియదు గానీ, కడుపులో మంట మాత్రం వోల్టుల్లో కొలిచేది కాదు.

మధ్యాహ్నం దుకాణానికి వచ్చీ రాగానే అడిగాడు.

"ఏమే, మన క్లిప్పు లైట్లు ఎవరికన్నా అమ్మినావా?"

రాజ్యలక్ష్మి గాజుల పెట్టె సర్దుతూనే చెప్పింది. "అమ్మినా. శుక్రవారం. ముండ్లమూరాయనంట, విత్తనాల కంపెనీలో పని. ఎంత మర్యాదస్తుడో! 'అమ్మా, మీకే బాగా తెలుస్తుంది, మీరే చూసి ఇవ్వండి' అన్నాడు. ఇరవై ఎనిమిదేండ్ల కాపురంలో ఆ ముక్క మీరు ఒక్కసారన్నా అన్నారా?"

"నేనడిగింది లైటు సంగతి."

"అదే చెప్తాండా. మూడు రకాలు ముందర పెట్టినా. బిళ్ల సెల్లుది వద్దన్నా, నాలుగు రోజులకే కొడిగడుతుంది, మళ్ల బిళ్లలు కొనాలంటే లైటు కంటే వాటికే ఎక్కువవుతుంది. రెండు తలలదీ వద్దన్నా, బరువు, పల్చటి పుస్తకానికి తగిలిస్తే పుస్తకమే తల వాలుస్తుంది. ఛార్జింగుది, మెడ ఎటంటే అటు వంగేది, క్లిప్పు లోపల రబ్బరుండేది తీసిచ్చినా. తెల్లది కండ్లలో పొడుస్తుంది, పసుపు వెలుగు పెట్టుకోండి, నడినెత్తిన కాకుండా ఓరగా తగిలించుకోండి అని వాడే పద్ధతి కూడా చూపించినా."

"ఇదంతా నీకెట్ల తెలుసు?"

"మీరు సరుకు తెచ్చి పడేస్తారు. వాడి చూసే మనిషి ఒకరుండాలి గదా. మీరు గురక పెట్టినాక నేను వారపత్రికలు ఏ వెలుతురులో చదువుతాండానని అనుకున్నారు?"

శెట్టి క్లిప్పు లైట్ల పెట్టె వైపు చూశాడు. ఆయన ఇంట్లో, ఆయన మంచం పక్కనే, ఆయన తెచ్చిన లైటు కింద, ఆయన నోటితో పనిలేకుండా కథలు నడుస్తున్నాయి. తన నోటి విలువ అక్కడ రైల్లో పోయింది, ఇక్కడ ఇంట్లో అసలు ఎప్పుడూ లేదు. తెచ్చింది తను, అమ్మింది తన భార్య, వెలగబెట్టింది మాత్రం ముండ్లమూరాయన!

"ఆయనకు ఒక తలైతే నాకు రెండు తలలు" అని పంతం పట్టాడు. రాజ్యలక్ష్మి వద్దన్న రకం కాబట్టి ఆయనకు అది మరీ నచ్చింది. బుధవారం సంచిలో రెండు తలల లైటు పెట్టుకుని రైలెక్కాడు.

బొగద రాగానే, చంద్రశేఖరరావు చెయ్యి జేబులోకి పోకముందే, శెట్టి తన లైటు తగిలించి మీట నొక్కాడు. నీలపు తెలుపు వెలుగు పెట్టెంతా చిమ్మింది. ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలన్నీ సున్నం కొట్టినట్టయ్యాయి.

"మామా!" అన్నాడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ కొండలరావు. నంద్యాలలో మోటార్లు చుట్టే మనిషి, ఆ పెట్టెకంతటికీ వాగుడుకాయ. "ఇన్‌స్పెక్టరు పోస్టుమార్టం ఈడనే పెట్టినాడా ఏంది? శవమెవరు, నేనేనా?"

జనం నవ్వారు. శెట్టి చదవడం మొదలుపెట్టాడు. పై రెండు వరుసలు క్లిప్పు కిందే ఉండిపోయాయి. కింది వరుసలు పేజీ తెలుపులో కలిసిపోయి మిలమిల మెరిశాయి. రైలు ఊగినప్పుడల్లా రెండు తలలూ అవునవునని ఊగాయి. క్లిప్పుకు రబ్బరు లేదు. ఒక కుదుపుకు అది పక్కకు జారింది. జారేది ఊరికే జారకుండా కాగితాన్ని పళ్లతో కొరుక్కుని జారింది. పర్రుమని పేజీ మూల చిరిగి, కిటికీ గాలికి లేచి ఎగిరిపోబోయింది. ఆ కెంపు పప్పు డబ్బాలోకి ఎట్లా వచ్చిందో తేలే వాక్యం సరిగ్గా ఆ ముక్క మీదే ఉంది.

దాన్ని కిటికీ దగ్గర ఒడిసిపట్టింది ఎవరు? చంద్రశేఖరరావే.

"దొరికిందండీ, దొరికింది" అన్నాడు, తప్పిపోయిన పిల్లను తెచ్చి ఇచ్చినట్టు.

"ఆయప్పకే ఇయ్యి శెట్టీ పుస్తకం" అంది శ్రీశైలమ్మ. "కథ యాడ పోయిందో అని నాకు కాళ్లు సేతులు ఆడడంల్యా."

"లైట్ తీసుకో మామా" అని కొండలరావు ఓదార్చాడు.

"తీసుకునింది లైటే గదరా, అందుకే ఈ కర్మ!" అన్నాడు శెట్టి. అందరూ పడీ పడీ నవ్వారు. ఏడేళ్లలో మొదటిసారి ఆయనకు ఆ నవ్వు తియ్యగా లేదు. చిన్న పసుపచ్చని వెలుగులో చంద్రశేఖరరావు మళ్లీ చదువుతున్నాడు. శ్రీశైలమ్మ ఊఁ కొడుతోంది. ఆమె అటు తిరిగి కూర్చుంది. ఇటువైపు శెట్టికి కనపడేది ఆమె కొప్పు మాత్రమే.

శుక్రవారం సాయంత్రం, రాజ్యలక్ష్మి గుడికి పోయిన సమయం చూసి, శెట్టి దుకాణంలో క్లిప్పు లైట్ల పెట్టె కిందికి దించాడు. బిళ్ల సెల్లు రకాలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, ఒక్కొక్కటీ వెలిగించి గడియారం చూశాడు. బాగా వెలిగినవన్నీ చీదరగా పక్కకు నెట్టాడు. పదకొండోది నిమిషం పది సెకన్లు వెలిగి, ఎర్రబడి, నిట్టూర్చి ఆరిపోయింది. కాసేపు ఆగి నొక్కితే మళ్లీ నిమిషం. దాన్ని ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు. మంచి సరుకులో చచ్చు సరుకును ఏరే వ్యాపారులున్నారు గానీ, అంత శ్రద్ధగా, అంత ఆశగా చచ్చుదాని కోసమే ఏరినవాడు గిద్దలూరు బజారులో ఆయనొక్కడే.

పాతికేళ్ల దుకాణంలో చెడ్డదని తెలిసి ఒక్క పిన్నీసు అమ్మలేదు. ఆ మాట గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. 'ఇప్పుడు మాత్రం అమ్ముతాండానా? ఊరికే గదా ఇస్తాండేది!' అని సర్దిచెప్పుకుని, లైటును కొత్త అట్టపెట్టెలో పెట్టాడు.

శనివారం గిద్దలూరు ప్లాట్‌ఫారం మీదే చంద్రశేఖరరావును పట్టుకున్నాడు.

"రావుగారూ, మా ఆడమనిషి మీకు పాత సరుకిచ్చింది. తెలిసి మనసు ఒప్పలేదు. ఇదిగో, కొత్తది."

"అదేంటండీ, నాది బాగానే వెలుగుతోందే?"

"ఇప్పుడు వెలుగుతాది. ఉన్నట్టుండి పోతాది. మా దుకాణం పేరు పోతాది. తీసుకోండి."

"మీలాంటి వ్యాపారస్తులు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ!" అని చంద్రశేఖరరావు కళ్లు మెరుస్తుండగా తన లైటు తీసి ఇచ్చాడు. శెట్టి దాన్ని చొక్కా ఎడమ జేబులో వేసుకున్నాడు. మనసులో ఏదో మెలిపెట్టింది. దాన్ని కూడా అదే జేబులో వేసుకుని రైలెక్కాడు.

చలమ దాటింది. కథలో ఇన్‌స్పెక్టరు అందరినీ హాల్లోకి పిలిచి, హంతకుడి వైపు వేలు చూపించబోతున్నాడు. చంద్రశేఖరరావు కొత్త లైటు తగిలించాడు. బొగద పెట్టెను మింగింది. లైటు వెలిగింది. శెట్టి మనసులో ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇన్‌స్పెక్టరు గది నలుమూలలా చూశాడు. 'హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు' అన్నాడు. అందరి గుండెలూ..."

వెలుగు ఎర్రబడింది. నిట్టూర్చింది. ఆరింది.

"అయ్యో!" అన్నారు ఇరవైమంది.

"నేనే మీట సరిగ్గా నొక్కలేదేమోనండి" అన్నాడు చీకట్లో చంద్రశేఖరరావు.

శెట్టి గొంతు సవరించుకున్నాడు. వారం రోజులుగా అరికట్టిన గొంతు. చీకటి తిరిగొచ్చింది, తన చీకటి. "అప్పుడేమైందంటే..." అని ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే రైలు పట్టాలు మారినట్టు ఊగింది. నిలబడి ఉన్న కొండలరావు తూలి, మోచేత్తో సహా వచ్చి శెట్టి రొమ్ము మీద పడ్డాడు.

టిక్కుమంది.

తెల్ల టెర్లిను చొక్కా, ఎడమ జేబు, లోపల్నించి పసుపచ్చని వెలుగు. చీకటంతటి మధ్య శెట్టి రొమ్ము ఒక్కటే గుడ్డ దీపంలా వెలిగిపోతోంది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వెలుగు వేళ్ల సందుల్లోంచి కారింది.

"మామా! నీ గుండెకాయ వెలుగుతాంది!" అని కేకపెట్టాడు కొండలరావు.

ఎవరూ నవ్వలేదు.

"అది నా లైటులా ఉందండీ" అన్నాడు చంద్రశేఖరరావు నెమ్మదిగా. "పాడైందన్నారు కదా..."

శెట్టి గొంతులో తేళ్లూ లేవు, బావులూ లేవు.

"అడుగు పండు పైకి తీసిచ్చే సెయ్యి నాకు తెల్దా శెట్టీ?" అంది శ్రీశైలమ్మ. "ఇరవయ్యేండ్లు బుట్ట మోసినా. కుళ్లు యాడుందో ఇప్పి సూడాల్సిన పన్లేదు."

"అవును, కుళ్లే!" అన్నాడు శెట్టి. వెలుగుతున్న రొమ్ముతో ఇంకేం దాస్తాడు? "కుళ్లక ఏం చెయ్యమంటావు? ఏడేండ్లు నాకు కొట్టిన ఊఁ నిన్న వచ్చిన మనిషికి ఎట్ల కొడతావు? అంత గట్టిగా నాకెప్పుడన్నా కొట్టినావా? ఈ బొగదలో చెప్పిందంతా నా తలకాయలోంచి అల్లింది, తెల్సా నీకు? ఒక్క ముక్క పుస్తకంలో లేదు. ఒక్కటంటే ఒక్కటి!"

అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

బొగద అయిపోయింది. పగటి వెలుతురు దబ్బున వచ్చి పడింది. జేబులో లైటు వెలుగుతున్నట్టు కూడా తెలియకుండా వెలవెలపోయింది, పక్కనే శెట్టి మొహం లాగా.

శ్రీశైలమ్మకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "లేదని మాకు తెల్దనుకుంటివా? నువ్వు టప్పున మూసే సప్పుడు ఇనపడదా? తెరిసినాక రెండాకులు తిప్పే సప్పుడు ఇనపడదా? సదువు రాకపోతే సెవులు గూడా లేవా మాకు?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎందుకు సెప్పాల? బాగుండె. తేళ్లు బాగుండె, ఆ కవల పిల్లోళ్లు బాగుండె. కాదన్లా. అయితే పుస్తకంలోది గూడా నాకు కావాల్నా, వద్దా? బొగద కాడికి వచ్చేసరికి రెండాకులు మింగేస్తివి. దొంగోడు దొరుకుతాడు, ఎట్ల దొరికినాడో తెల్దు. పెట్టి తెరిసినారంటావు, తాళంచెవి యాడిదో తెల్దు. ఇంటికి పోయి మేకల కాడ కూసోని, ఆ సందులన్నీ నేనే పూడ్సుకుంటాండా ఏడేండ్ల నుంచి. ఈ సారు లైటు పెట్టి సదివినాక, మొన్న, మొట్టమొదటి సారి బొగదలో గూడా కథ సందు లేకుండా ఇన్యా. ఊఁ గట్టిగా రాకుంటే ఎట్ల?"

శెట్టి జేబులోంచి లైటు తీసి, ఆర్పి, చంద్రశేఖరరావు చేతిలో పెట్టాడు. "తప్పయిపోయింది" అన్నాడు.

"అయ్యయ్యో, పర్వాలేదండీ, దానిదేముంది" అన్నాడు ఆయన.

ఆ పర్వాలేదు అన్నదే శెట్టి భరించలేకపోయాడు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే సగం మంటైనా చల్లారేది. ఇంత జరిగినా ఆ మనిషిలో ఒక్క మచ్చ దొరకదేం!

"సోమవారం ఆ పాత పుస్తకాలన్నీ తీస్కరా శెట్టీ" అని తీర్పు చెప్పింది శ్రీశైలమ్మ. "మింగిన ఆకులన్నీ కక్కాల్సిందే. సారు సదువుతాడు."

"నేను చదవకూడదా?"

"నువ్వు సదివితే మళ్ల మింగుతావు."

సోమవారం శెట్టి రెండు గోనెసంచుల పుస్తకాలతో రైలెక్కాడు. దిగువమెట్టలో సిగ్నళ్లు పోయాయి. చంద్రశేఖరరావు అట్ట ఊడిన పుస్తకమొకటి తీసి, అప్పట్లో శెట్టి వేలి మరక పడిన చోట తెరిచి మొదలుపెట్టాడు. చలమ దాటింది. బొగదలోకి దూరగానే లైటు తగిలించాడు, కానీ నడినెత్తిన తగిలించాడు. పేజీ మధ్యలో వెలుగు ముద్దకట్టింది. శెట్టి కాసేపు ఓర్చుకున్నాడు. ఆ పైన చెయ్యి ఊరుకోలేదు. క్లిప్పు తీసి ఓరకు మార్చి, మెడ వంచి, వెలుగు వరసల మీద పరుచుకునేలా సరిచేశాడు.

"ధన్యవాదాలండీ" అన్నాడు చంద్రశేఖరరావు.

"చదవండి, చదవండి" అన్నాడు శెట్టి పళ్ల మధ్యనుంచి.

అయిదేళ్ల కిందట మింగిన రెండు ఆకులవి. దొంగ ఉత్తరం ఉప్పు జాడీలోకి ఎలా వచ్చిందో అందులో ఉంది. శెట్టికి ఇన్నాళ్లూ అది తెలియదు. అప్పట్లో ఆ జాడీలో పాముపిల్లను పెట్టి తను చాలా మెప్పు పొందాడు. ఇప్పుడు వింటుంటే, ఛీ, పాము కంటే ఉత్తరమే బాగుంది. చంద్రశేఖరరావు గొంతు తగ్గించాడు. "జాడీ మూత మీద ఉన్న వేలిముద్ర... ఇంటి యజమానిది కాదు."

పక్కన శ్రీశైలమ్మ ఊఁ కొట్టడానికి ఊపిరి తీయడం శెట్టికి వినబడింది. ఆ ఊఁ మళ్లీ ఆ ఇస్త్రీ చొక్కా మీదే పోయి వాలబోతోంది. ఏం చేస్తున్నాడో తెలిసేలోపల ఆయనే, ఆమె కంటే ముందు, ఆమె కంటే గట్టిగా, "ఊఁ!" అనేశాడు.

చంద్రశేఖరరావు సంతోషంగా ఆయన వైపు తిరిగి చదవడం మొదలుపెట్టాడు. ఇంకొక మలుపు వచ్చింది. "ఊఁ!" అన్నాడు శెట్టి. ఈసారి తెలిసే అన్నాడు. కథ ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏడేళ్లు చీకట్లో మలుపులు తిప్పినవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మూడోసారి మరీ సాగదీసి, అనుమానం కలిపి, వెనకనుంచి తోసి మరీ కొట్టాడు.

శ్రీశైలమ్మ గాజులు గలగలమన్నాయి.

"ఏంది శెట్టీ అది?"

"కథ వింటాండా."

"ఇనేదుంటే నోరు మూస్కోని ఇను. ఊఁ కొట్టేది నేను."

"నీ ఒక్కదాని సొమ్మా?"

"ఏడేండ్ల నుంచి నాదే! ఎవరినన్నా అడుగు! ఈ పెట్టెలో నేను గాక ఇంకెవరన్నా ఊఁ కొట్టినారా? నిన్నగాక మొన్న మొదలుపెట్టి..."

ఆ గొంతులోని సెగ శెట్టికి బాగా తెలుసు. వారం రోజులు తనే మోశాడు దాన్ని. అది ఇప్పుడు పక్క మనిషికి మారిందని తెలియగానే ఆయన ఒళ్లంతా తేలికైంది, అంత తేలికైనందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది.

"చదవండి రావుగారూ, ఆపకండి" అన్నాడు.

చంద్రశేఖరరావు ఇద్దరి మొహాలూ చూసి, పేజీ తిప్పాడు. శెట్టి ముందుకు వంగి, మలుపు వచ్చే వాక్యం కోసం ఊపిరి బిగబట్టాడు. పక్కన శ్రీశైలమ్మ కూడా బిగబట్టింది.